అసమాపక క్రియ

తలుపు తోసుకుని వచ్చిన పెద్దావిడ ఎవరూ చెప్పకుండానే రోగి కుర్చీలో కూర్చుంది.

ఆస్పత్రిలో దుబాసీలకు శిక్షణ ఇచ్చే గది అది. స్పానిష్ తప్ప మరో భాష రాని రోగుల గోడు డాక్టర్లకు ఇంగ్లీషులో వినిపించడం వాళ్ల పని. ఆ రోజు ఆఖరి పరీక్ష. పరీక్షకు రోగి వేషం కట్టే మనిషిని బయటినుంచి పిలిపిస్తారు.

"పోయిన నెల వచ్చినాయన ఎడమకాలు నొప్పంటూ కుడికాలు ఈడ్చాడు. ఈవిడ ఏం చేస్తుందో!" అన్నాడు బుల్లెట్.

మాట వేగానికి వచ్చిన పేరు అది. ఆ వేగమే కిందటి పరీక్షలో అతని కొంప ముంచింది. ఈసారి కూడా తప్పితే ఉద్యోగం మీద ఆశ వదులుకోవడమే.

"కబుర్లు తర్వాత. కానియ్," అంది శిక్షకురాలు.

డాక్టరు వేషం అతని తోటి విద్యార్థినిది. వయసులో పెద్దది కాబట్టి అందరికీ అక్క. అరువు తెచ్చిన తెల్లకోటు సర్దుకుని పెద్దావిడ ఎదుట కూర్చుంది. మిగతావాళ్లు వెనక బెంచీల మీద చేరారు.

పెద్దావిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"మే ఆ ఎస్తాదో దోలియెందో ఎల్ పేచో," అంది స్పానిష్‌లో.

బుల్లెట్ తడుముకోలేదు. "మై చెస్ట్ హేజ్ హర్ట్."

"ఆగు. ఆవిడ ఏమంది?"

"గుండెల్లో నొప్పి పుట్టిందంది మేడం."

"పుట్టిందందా, పుడుతూనే ఉందందా?"

"ఏదైతేనేం మేడం, నొప్పి నొప్పేగా!"

"పుట్టిందంటే ఈపాటికి తగ్గిందేమో అనుకుంటాడు డాక్టరు. పుడుతూనే ఉందంటే కుర్చీలోంచి లేస్తాడు. ఆవిడ 'ఎస్తాదో' అన్న మాట నీ చెవిన పడలేదా? ఒట్టి 'మే ఆ దోలీదో' అని ఉంటే నువ్వు చెప్పింది సరిపోయేది."

పెద్దావిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అదే మాట మళ్లీ అంది, ఈసారి కాస్త గట్టిగా.

"చూడు, నీ కోసం ఇంకోసారి చెప్పింది పాపం," అంది శిక్షకురాలు.

"మై చెస్ట్ హేజ్ బీన్ హర్టింగ్," అన్నాడు బుల్లెట్ ఒక్కో మాటా తూచినట్టు.

"అదీ! ఇంకా ఆగలేదన్న సంగతి ఇప్పుడు తెలిసింది."

పెద్దావిడ కళ్లు మూసుకుంది. "నో ఏ దోర్మీదో," అంది.

ఈసారి బుల్లెట్ ముందే జాగ్రత్తపడ్డాడు. "ఐ హావ్ నాట్ బీన్ స్లీపింగ్."

బెంచీలు గొల్లుమన్నాయి.

"పెనం మీంచి పొయ్యిలో పడ్డావు నాయనా," అంది శిక్షకురాలు. "అలా అంటే కొన్నాళ్లుగా నిద్ర పట్టడం లేదని అర్థం. ఆవిడ చెప్పింది నిద్రపోలేదని, అంతే. నిన్న ఒక్క రాత్రి సంగతే అది. ఒకసారి సాగదీయమన్నానని ప్రతిదీ సాగదీయకు."

"ఐ హావెంట్ స్లెప్ట్," అని దిద్దుకున్నాడు బుల్లెట్.

నాడి చూస్తున్నట్టు పెద్దావిడ చెయ్యి పట్టుకున్న అక్క తలెత్తింది.

"మేడం, చెయ్యి చల్లగా ఉంది. ఒళ్లంతా చెమటలు."

"మధ్యలో వేషం విప్పొద్దని చెప్పే పంపిస్తారమ్మా. నువ్వు కూడా నీ వేషంలో ఉండు."

"చెమటలు కూడా నటిస్తారా మేడం?"

"ఆరితేరిన మనిషి అక్కా! నువ్వే నమ్మేశావంటే చూడు," అన్నాడు బుల్లెట్.

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. చెయ్యి మాత్రం వెంటనే వదల్లేదు.

పెద్దావిడ ఆయాసపడుతూ ఇంకో నాలుగు మాటలు చెప్పింది. నడిచి వస్తుంటే రెండుసార్లు కూర్చోవలసి వచ్చిందట. ఎడమ చెయ్యి పొద్దుటినుంచీ లాగేస్తూనే ఉందట. ఏది అయిపోయిందో ఏది అవుతూ ఉందో ఎక్కడా పొరపడకుండా ఇంగ్లీషులో పెట్టాడు బుల్లెట్.

శిక్షకురాలు చప్పట్లు కొట్టింది. "గట్టెక్కావు. ఇక ఆవిణ్ణి మర్యాదగా సాగనంపు."

బుల్లెట్‌కి కాళ్లు నేలమీద ఆనలేదు. పెద్దావిడ ముందు వంగి, స్పానిష్‌లో, "డాక్టరుగారు అంతా విన్నారమ్మా. ఇక మీరు వెళ్లిరావచ్చు," అన్నాడు.

"మందేమీ అక్కర్లేదా బాబూ?"

"అక్కర్లేదు."

"భయపడాల్సిందేమీ లేదన్నారా?"

"ఏమీ లేదమ్మా!" నవ్వాడు బుల్లెట్.

పెద్దావిడ మొహం తేటపడింది. అతని తల నిమిరి, తెల్లకోటుకేసి తిరిగి దణ్ణం పెట్టినంత వినయంగా తల వంచింది. గోడ పట్టుకుని మెల్లగా బయటికి నడిచింది.

"ఇన్నాళ్లకి దొరికింది మంచి నటి! వచ్చేసారి కూడా ఈవిడనే పంపమనాలి," అంది శిక్షకురాలు.

తర్వాతి విద్యార్థి లేచి గొంతు సవరించుకున్నాడు. కింద గేటు దగ్గర ఏవో కేకలు వినిపించాయి. పరీక్షకు అడ్డని శిక్షకురాలు వెళ్లి కిటికీ మూసింది.

కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. నలభై ఏళ్ల మనిషి ఒకావిడ వగరుస్తూ లోపలికి వచ్చింది.

"ఏమనుకోకండి మేడం, గేటు దగ్గర ఎవరో పెద్దావిడ కుప్పకూలిపోతే జనం మూగి దారి దొరకలేదు. ఇవాళ రోగి వేషం వెయ్యాల్సింది నేనే."