హాంబర్గ్ ప్రయాణం

"చేతి తొడుగులు అక్కడ పెట్టి వెళ్లు, ఇక రాకు," అన్నాడు మేనేజర్ ఎగాన్.

మైదానంలో ఆటగాళ్లంతా ఆగిపోయారు. గోల్‌కీపర్లకు తర్ఫీదిచ్చే హెన్నర్ మంచులో నిలబడి తెల్లబోయి చూశాడు.

"నేనేం చేశాన్రా?"

"హాంబర్గ్ మర్చిపోయావా?"

పద్నాలుగేళ్ల కిందటి మాట. ఇద్దరూ ఈ ఊరి కుర్రాళ్లే. రాజధానిలో పెద్ద జట్టుకి ఆడుతూ ఒకే గదిలో ఉండేవారు. దేశాన్ని రెండుగా చీల్చిన గోడకి అవతల, హాంబర్గ్‌లో మ్యాచ్. బయల్దేరే ముందురోజు జాబితాలోంచి ఎగాన్ పేరు కొట్టేశారు. కారణం చెప్పలేదు. వారం తిరక్కుండా సొంతూరి ఫ్యాక్టరీ జట్టుకి తోలేశారు.

కారణం ఎగాన్‌కి తెలుసు. "అటు వెళ్తే మళ్లీ రాన్రా," అని ఓసారి నవ్వులాటకి అన్నాడు. విన్నది హెన్నర్ ఒక్కడే. రహస్య పోలీసులకి ఉప్పందించింది ఇంకెవరు?

గోడ కూలింది. ఎగాన్ ఆ ఫ్యాక్టరీ జట్టుకే మేనేజరై, దాన్ని రెండు మెట్లు పైకి లాక్కొచ్చాడు. పత్రికలవాళ్లు వచ్చినప్పుడల్లా హాంబర్గ్ కథ చెప్పేవాడు. 'గోడ మింగేసిన ఆటగాడు' అని వాళ్లు రాసేవారు. రహస్య పోలీసులు జనం మీద రాసిపెట్టిన ఫైళ్లు ఇక ఎవరిది వాళ్లు చూసుకోవచ్చన్న వార్త ఈ జనవరిలో వచ్చాక, కథలోకి హెన్నర్ పేరు కూడా చేరింది.

మిగతాది ఊరు చూసుకుంది. బీరు కొట్లో హెన్నర్ కూర్చుంటే పక్క బల్లలు ఖాళీ అయ్యేవి. అతని తలుపు మీద ఎవరో ఎర్రరంగుతో 'వేగు' అని రాశారు. రొట్టెల కొట్టావిడ అతని వంతు రాగానే "అయిపోయాయి" అనేది. వెనక అరలో రొట్టెలు ఇంకా పొగలు కక్కుతూనే ఉండేవి.

ఏప్రిల్‌లో హెన్నర్ రైలు పట్టాల మీద దొరికాడు.

అతని భార్య మారియొన్ క్లబ్బు ఆఫీసుకొచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నీ ఫైలు చూశాక ఆ మాట అనాల్సింది కదా, ఎగాన్?"

"చూడ్డానికేముంది? వాడే. చచ్చినంత మాత్రాన చేసింది కొట్టుకుపోతుందా?"

"మా ఆయన నీ గురించి ఏనాడూ ఒక్క చెడ్డమాట అనలేదు."

"అనాల్సింది పోలీసుల దగ్గర అనేశాడుగా. ఇక ఇంట్లో ఏం మిగుల్తుంది?"

ఆమె వెళ్లిపోయింది.

ఆ పంతానికే ఎగాన్ తన ఫైలు కోసం దరఖాస్తు పెట్టాడు. ఆ ద్రోహాన్ని మ్యాచ్‌కి ముందు మైకులో ఊరందరికీ చదివి వినిపించాలి. ఆర్నెల్లకి పిలుపొచ్చింది.

చదివే గదిలో గుమాస్తా ఓ పల్చటి ఫైలు తెచ్చి ముందు పెట్టింది.

"ఇంతేనా?"

"ఇంతేనండి. ఒక్కటే కాయితం."

ముందు సంతకం చూశాడు. హెన్నర్‌ది కాదు, పెద్ద జట్టు కోచ్‌ది. హాంబర్గ్ వెళ్లేవాళ్లలో ఎవరి మీదైనా అనుమానముందా అని పోలీసులు అడిగితే ఆయన రాసిచ్చిన జవాబది.

"ఎగాన్ పారిపోతాడన్న భయమేమీ లేదు, అతని ఆట చాలకపోయినా, అతన్ని తీసెయ్యొద్దని హెన్నర్ కాళ్లావేళ్లా పడుతున్నాడని ఇన్నాళ్లూ జట్టులో ఉంచాం, ఇక ఉంచలేం."