వాచీ తీసినవాడు

"ఇది దొంగసొత్తు కాదని నాకేంటి నమ్మకం?" అన్నాడు వెల్డరు.

పాత వాచీల కొట్టాయన నొచ్చుకున్నాడు. "మా నాన్నప్పట్నుంచీ ఇదే బల్ల మీద వ్యాపారం బాబూ. ఇంతవరకూ ఎవరూ ఆ మాటనలేదు. ముందు చేతిలోకి తీసుకుని చూడండి. చూస్తే పోయేదేముంది?"

చూడక్కర్లేదు. నిన్న అద్దాల బీరువాలో కనబడగానే వెల్డరు గుర్తుపట్టాడు. నలుపు వెలిసి గోధుమరంగుకి తిరిగిన ముఖం. పసుపెక్కిన చుక్కలు. అంచు రింగు మీద ఒక చుక్క ఊడిపోయిన చోట ఎర్రటి గోళ్ళరంగు. ఆ రంగు పూసింది వదిన. వాచీ అన్నది.

నీళ్ళలో పడిన పెట్టె వెతికి తెచ్చిచ్చినందుకు ఒక ఓడ కెప్టెను తన చేతిది తీసి అన్న చేతికి పెట్టాడు. దాని ఖరీదుతో ఇల్లు కట్టుకోవచ్చని రేవులో అందరూ అనేవాళ్ళు. అన్న మాత్రం దాన్ని పెట్టుకునే నీళ్ళలో దిగేవాడు. ఓడల అడుగున పట్టిన నాచు గీకడం అతని పని. ఒకరోజు సిలిండర్లో గాలి అయిపోయేదాకా పైకి రాలేదు. శవాన్ని పైకి తెచ్చింది రోజూ అతనితో కలిసి నీళ్ళలో దిగే జతగాడు. అప్పటికి చేతికి వాచీ లేదు.

వాచీ ఉంటే అన్న టైము మరిచేవాడు కాదు. కాబట్టి వాచీ తీసినవాడే అన్నని చంపినవాడు. వెల్డరు ఈ మాట శవం దగ్గరే అన్నాడు. వదినతో అన్నాడు. రేవులో నలుగురి ముందూ అన్నాడు. జతగాడు మొదట ఒట్టేశాడు, ఏడ్చాడు, ఆనక నోరు మూసుకున్నాడు. ఇప్పుడు వాడితో కలిసి నీళ్ళలో దిగేవాడు లేడు.

ఇవాళ వెల్డరుతో పాటు షెడ్డులో పనిచేసే మనుషులిద్దరు ఇనప రాడ్లు గోనెసంచిలో చుట్టుకుని కొట్టు ఎదుట అరుగు మీద కూర్చున్నారు. అమ్మినవాడు జతగాడేనని తేలితే చాలు, ఇక్కణ్ణించి నేరుగా వాడింటికే.

"రింగు తిప్పండి," అన్నాడు కొట్టాయన, బేరం చెడకుండా. "ఒక పక్కకే తిరుగుతుంది. నీళ్ళలో దేనికన్నా తగిలి కదిలినా, మిగిలిన టైము తక్కువ చూపిస్తుంది గాని ఎక్కువ చూపించదు. మనిషి ప్రాణం గురించి ఆలోచించి చేశారండీ."

"ఈ ఎర్రరంగేంటి?"

"ఎవరో ఆడవాళ్ళు ముచ్చటపడి పూసుంటారు. తుడిస్తే పోతుంది, నేనే ఉంచాను. ఇలాంటి వాటికి గీతలూ మచ్చలే అందం. మెరుగు పెట్టిస్తే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు."

"అమ్మిందెవరు?"

కొట్టాయన చెయ్యి మెల్లగా వాచీ వైపు జరిగింది. "అవన్నీ ఎందుకు బాబూ? నచ్చితే తీసుకోండి, లేదంటే మానేయండి."

ఇతనూ జతగాడూ కూడబలుక్కున్నారు, అనుకున్నాడు వెల్డరు. కొట్టాయన కంటే ముందే వాచీ మీద అరచెయ్యి వేసి నొక్కాడు.

"పోలీసుల్ని పిలవమంటారా?"

"పోలీసులెందుకయ్యా? నేనేమన్నా హత్య చేశానా?"

"చేసినవాడి దగ్గర కొన్నారేమో!"

కొట్టాయన మొహం పాలిపోయింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "నీళ్ళలో దిగే మనిషేనండీ. వేళ్ళు నాని ముడతలు పడున్నాయి. మా కళ్ళకి చేతులే ముందు కనబడతాయి."

జతగాడి వేళ్ళూ అంతే. "బట్టతలా?" అన్నాడు వెల్డరు.

"తువ్వాలు చుట్టుకున్నాడు. లోపల జుట్టుందో లేదో నేను విప్పి చూశానా?"

"భయపడుతున్నట్టున్నాడా?"

"మరే. నాతో మాట్లాడుతున్నంతసేపూ గుమ్మం వైపే చూపు. రేవులో ఎవరికీ చెప్పొద్దన్నాడు. మళ్ళీ వెళ్తూ వెళ్తూ అదే మాట. ఇంట్లో తెలిస్తే గొడవైపోతుందట."

దొంగకి ఇంకేం గుర్తులుండాలి? వెల్డరు గుమ్మంలోంచి బయటికి చూసి తలూపాడు. అరుగు మీది ఇద్దరూ లేచారు. గోనెసంచిలో ఇనుము గలగలమంది.

వెళ్ళిపోవచ్చు. కానీ ఆ దొంగవెధవ ఏం కథ అల్లాడో కూడా విని, వాణ్ణి కొట్టేటప్పుడు వాడి మొహాన్నే అనాలనిపించింది.

"నీళ్ళలో దిగేవాడు ఇలాంటి వాచీ అమ్ముకోవడమేంటని మీకు అనుమానం రాలేదా?"

"ఎందుకు రాదు? అడిగాను. రేపట్నుంచి దేన్ని చూసుకుని దిగుతావయ్యా, గాలి అయిపోయినట్టు ఎలా తెలుస్తుంది నీకు అన్నాను. 'అలవాటైన పనే కదండీ, ఒంటికే తెలుస్తుంది' అన్నాడు. అని, బుగ్గ గోక్కుంటూ నవ్వాడు. అబద్ధమాడే పిల్లాడిలాగ."

వెల్డరు అరచెయ్యి వాచీ మీద వదులైంది. జతగాడు అలా నవ్వడు. అలా బుగ్గ గోక్కుంటూ నవ్వే మనిషి రేవు మొత్తానికి ఒక్కడే.

"ఏంట్రా, పదమంటావా?" గుమ్మంలోంచి కేకేశాడు షెడ్డు మనిషి.

వెల్డరు వినిపించుకోలేదు. "ఎందుకమ్మాడట?" అన్నాడు.

కొట్టాయన వాచీని తన వైపు లాక్కుని గుడ్డతో తుడుచుకుంటూ అన్నాడు: "'ఇంట్లో మా తమ్ముడు మోటారు సైకిలు కొనిస్తేగాని అన్నం ముట్టనని నిన్నట్నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడండీ' అన్నాడు, పాపం."