చిగురుకళ్లకు పైన

"ఒలే, అక్కడ కొయ్యకే!"

భర్త గొంతు వినగానే కన్నమ్మ చేతిలో కత్తెర ఆగింది. పక్షవాతంతో కుడిచేయి పడిపోయిన నరసింగరావు, మూడు నెలలుగా ఫ్యాక్టరీ కాలనీ సెక్టర్ 6 క్వార్టరు వరండాలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే ఉన్నాడు; ఇవాళే నోరు తెరిచాడు. ఇరవై ఏళ్లు సైకిల్ మీద షిఫ్టులకెళ్లిన మనిషి.

"మరెక్కడ కొయ్యాలేటి?" అలసటగా అడిగింది.

"క్లెమాటిస్ పూలతీగకి చిగురుకళ్లు, అదే కొత్త సిగురు ఉబికే సోట్లు, ఎక్కడున్నాయో సూడు. వాటికి పైన కొయ్యాల. పాత కొమ్మలు ఉంచేస్తే పూలు రావు. నేర్పినాను కదా, మర్సిపోనావా?"

"నా బుర్ర పని సెయ్యట్లేదు. నువ్వే కొయ్యి."

అతను గోడ పట్టుకుని లేచి వచ్చి, ఎడమచేత్తో కత్తెర అందుకున్నాడు. మొదటి కొమ్మ నలిగింది కాని తెగలేదు. రెండోది తెగింది. తీగ సగమయ్యేసరికి నుదుట చెమట పట్టింది.

కాలేజీ నుంచి వచ్చిన కూతురు రోహిణి గేటు దగ్గరే నిలబడిపోయింది.

"అరే అమ్మా, నిన్ననే కదా పక్కింటి దీదీకి ఈ తీగ ఎలా కొయ్యాలో నేర్పావు?"

నరసింగరావు భార్య వైపు తిరిగాడు. కన్నమ్మ మెట్టు మీద కూలబడి, చెంగుతో మొహం తుడుచుకుంటోంది. ఈ మూడు నెలల్లో ఆమె ఎంత చిక్కిపోయిందో అతనికి అప్పుడు కనబడింది.

"నువ్వు లోపలికెళ్లి కాసేపు తొంగో," అన్నాడు. "మిగతావి నేను కోస్తాను."