మూత తెరిచినందుకు

"మళ్ళీ తెరిచావా!" కరెంటు టవర్ దిగుతూనే లైన్‌మన్ అరిచాడు. కింద డ్రైవర్ ఐస్ పెట్టె మూత ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఐస్ ఉందో లేదో చూద్దామని, అన్నా."

"నువ్వు చూస్తే గడ్డకడుతుందా? తెరిచిన ప్రతిసారీ వేడిగాలి లోపల దూరుతుంది. కరిగిన నీళ్లు కూడా పారబోయకుండా కాపాడుకుంటున్నాను. నా ఇన్సులిన్ ఉందందులో. అది పాడైతే ఈ బీడులో నన్నెవడు బతికిస్తాడు, నీ జీపా?"

డ్రైవర్ మూత వేసి తడిగోనె కప్పాడు. కంపెనీకి తీగలే కనబడతాయి. వాటి కింద వారాల తరబడి తిరిగే ఇద్దరు మనుషులు కనబడరు.

"పొద్దున తిట్టాను. మధ్యాహ్నం తిట్టాను. బుద్ధి లేదా నీకు?"

"ఉందన్నా."

"మరెందుకు తెరుస్తావు?"

డ్రైవర్ గోనె అంచు సర్దాడు.

"తెరిస్తేనే కదన్నా నువ్వు మాట్లాడతావు. లేకపోతే టవరెక్కుతావు, దిగుతావు, తిని పడుకుంటావు. మనిషి గొంతు విని ఎన్నాళ్లయిందో అనిపిస్తుంది."

లైన్‌మన్ నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. రెండేళ్లుగా ఇద్దరిదీ ఒకే జీపు. ఈ మనిషిని తిట్టడం తప్ప తానేం మాట్లాడాడో ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు.

వచ్చి పెట్టె మీద కూర్చున్నాడు. కొంచెం జరిగి పక్కన చోటిచ్చాడు.

"నీకు పిల్లలెంతమంది?"

"ఒక్కతే అన్నా. పాప. ఒట్టి వాగుడుకాయ."

లైన్‌మన్ అలవాటుగా తలూపి ఊరుకోబోయాడు. ఊరుకోలేదు.

"ఏమంటుంది?" అన్నాడు.