గుండీలు పట్టని చొక్కా

"ఊపిరి పీల్చుకో తల్లీ," అంది యోవానా, నైరా ఛాతీ చుట్టూ టేపు పట్టుకుని.

తొమ్మిదేళ్ల నైరా పీల్చలేదు. ముఖం కందిపోయింది. ఎత్తైన పూనో కొండల మీది ఆ బడి పిల్లలను కొలిచి, వాళ్లకు సరిపోయే యూనిఫాం సైజులు తయారుచేయాలని యోవానా సముద్రతీరంలోని రాజధాని లీమా నుంచి, యూనిఫాం కంపెనీ తరఫున వచ్చింది. తిరిగి వెళ్లే వేళైందని బయట వ్యాను డ్రైవరు ఆగకుండా హారను కొడుతున్నాడు.

"ఎందుకే ఇంత మొండితనం?"

"పీలిస్తే లావుగా వస్తాను మేడమ్. పోయినేడు మీరు పంపిన చొక్కాకి గుండీలు పట్టలేదు. టీచరేమో తిండి తగ్గించమంది."

"మరి మిగతావాళ్లు?"

"అందరం ఊపిరంతా వదిలేసి, బిగబట్టే నిలబడ్డాం. ఈసారైనా పడుతుందని."

పొద్దుటి నుంచి యోవానా రాసిన అంకెలన్నీ అబద్ధాలే. పల్చటి గాలి పీల్చి పెరిగిన ఈ విశాలమైన ఛాతీలు లీమా పిల్లల కొలతల్లో ఎలా ఇముడుతాయి?

కాగితాలు చింపేసింది.

"అందరూ మైదానం చుట్టూ పరుగెత్తి రండి. రొప్పుతూనే నిలబడాలి!"

"అంకెలు పెద్దవొస్తాయి మేడమ్," అంది నైరా భయంగా.

"రానీవే. పెరగాల్సింది చొక్కా. తగ్గాల్సింది నువ్వు కాదు."

నైరా గుండెనిండా ఊపిరి పీల్చుకుని అందరికంటే ముందు పరుగు తీసింది.