మెడలో పూస

“ఆ బడిలో పిల్లకి మాట పడిపోతే ఏటి సేస్తాం?” అంది పైడమ్మ, కూతురు ఈశ్వరిని ఇంకా బడిలో చేర్పించకముందే.

“దానికా, మాట పడిపోడం? మన సెవులు పడిపోకుండా సూసుకో!” అని భర్త తవిటినాయుడు నవ్వేశాడు.

వాళ్ళు వలస వచ్చిన నార్వేలో, కొత్తగా చేరిన పిల్లలందరి మెడలోనూ బడివాళ్ళు ఒక పూస కడతారు. పిల్లలు మనసులో అనుకున్నది ఆ పూస వాళ్ళ గొంతుతోనే, ఏ భాష కావాలంటే ఆ భాషలో చెప్పేస్తుంది. మూడు నెలలకి ఈశ్వరి ఇంట్లో కూడా పెదవి కదపడం మానేసింది. అన్నం తిన్నావా అంటే, “తిన్నానమ్మా, చాలా బాగుంది” అని పూసే మర్యాదగా బదులిచ్చేది. పలాసలో ఉండగా వీధి చివరిదాకా వినబడే పిల్ల! గొంతు పట్టేసిందేమోనని పైడమ్మ శొంఠి కషాయం కాచి తాగించింది. గుణం కనబడలేదు.

ఆదివారం పిల్ల తలకి నూనె రాస్తూ ఆ పూస విప్పి పక్కన పెట్టింది.

“నీకిక్కడ బాగుందా? నిజం సెప్పే తల్లీ.”

రెండు జడలూ వేయడం అయిపోయింది. పైడమ్మ రిబ్బన్లు కూడా కట్టింది.

అప్పుడు పిల్ల గొంతు బొంగురుగా వినబడింది.

“బాగోలేదే అమ్మా. అందరూ పూసతోటే మాటాడతన్నారు. నాతోటి ఎవులూ మాటాడరు.”