పిడికెడు బండారి

"పట్టుకొని చెప్పు దశరథం. పట్టకపోతె దొంగవు నువ్వే."

కులపెద్ద భీమయ్య ఇత్తడి పళ్లెం ముందుకు జరిపాడు. అందులో బీరప్ప దేవుడి బండారి ఉంది. పిడికెడు పసుపు. దాన్ని చేత పట్టి అబద్ధమాడినవాడి ఇల్లు నిలవదని చిట్యాల చుట్టుపక్కల గొర్లకాపరులందరికీ తెలుసు.

గోపమ్మ పొట్టేలు పోయి ఎనిమిది రోజులైంది. ఆ పూట మందకు కాపలా ఉన్నది ఇద్దరే. ఒకడు దశరథం. రెండోవాడు బీరప్ప పూజారి ఐలేశం. బండారి దాచే దేవుడి సంచి ఉండేది ఐలేశం ఇంట్లోనే కాబట్టి, బండారి తెచ్చిందీ అతనే.

దశరథం చేతులు కట్టుకునే నిల్చున్నాడు.

"నేను తియ్యలేదు మామా. గని గది పట్టుకోను. నాకు దేవుని మీద నమ్మకం లేదు."

"నమ్మనోనికి గది ఉట్టి పసుపే గదరా! పట్టుకుంటె నీ చెయ్యి అరుగుతదా?" అన్నాడు భీమయ్య. జనం నవ్వారు.

"నాకు ఉట్టి పసుపే. మీకు కాదు గద. నమ్మకుండ పట్టుకొని మిమ్ముల నమ్మిస్తె, అది మోసం గాదా?"

"ఎర్రజెండ సంఘంల తిరిగి మాటలు మస్తు నేర్చినవ్." ఐలేశం పెదవి విరిచాడు. "దేవుని భయం ఉంటెనే గద మామా, మనిషి మనిషి లెక్క ఉండేది! భయమే లేనోడు దొంగతనం జెయ్యక ఏం జేస్తడు?"

అంటూనే పళ్లెం ముందు మోకరించి పసుపు పిడికిట పట్టాడు.

"గోపమ్మ పొట్టేలును నేను ముట్టలేదు. ముట్టి ఉంటె నా రెండు కండ్లు పోవాలె!"

గొంతు వణకలేదు. భీమయ్య తల ఊపాడు.

"దశరథం, నీ పొట్టేలు గోపమ్మకు ఇయ్యి. రేపటి సంది నీ గొర్లు మా మందల కలువద్దు."

దశరథానికి ఉన్నది ఒక్కటే పొట్టేలు. అది పోతే పదిహేను గొర్రెలు ఇక చూలు కట్టవు. అతను పళ్లెం వైపు చూశాడు. ఇంకా కొంచెం పసుపు మిగిలే ఉంది. చెయ్యి కదిలింది, ఆగింది. వెళ్లి పొట్టేలును విప్పి తెచ్చాడు.

పొద్దుగూకే వేళకు ఐలేశం ఇల్లు చేరాడు. భార్య లక్ష్మీనర్సమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తోంది. అటక మీద దాచిన ఎండు మాంసం తునకల కుండ ఆమె పక్కనే ఉంది.

"గీ కూర బాయిల పారేస్త. పొట్టేలును కోసినవ్, సరే. బండారి పట్టి అబద్ధం ఎట్ల ఆడినవయ్యా? నీ కండ్లు పోతె మా గతేంది?"

"లొల్లి పెట్టకు. పసుపు డబ్బ చూడుపో."

ఆమె లేచి మూత తీసింది. నిన్న దంచి నింపిన చిన్న డబ్బాలో అడుగు కనిపిస్తోంది.

ఐలేశం కాళ్లు కడుక్కున్నాడు. దూలానికి వేలాడుతున్న దేవుడి సంచి దించి ముడి విప్పాడు. బండారి నిండుగా, ఎవరూ తాకనట్టే ఉంది. భక్తిగా కళ్లకద్దుకున్నాడు.

"పిచ్చిదానా, దేవుని భయం ఉన్నోడు ఎవడన్న అసలు బండారి పట్టి అబద్ధమాడుతడానే?"